చోటే మియాకు ఐదో నెల

జబీన్ అలియాబాద్ పిల్ల. మేడ్చల్‌లో బీకాం చదివి, ఆ పక్కనే కంప్యూటరూ నేర్చుకుని, 2005లో శామీర్‌పేటలోని ఒక ట్రస్టు ఆస్పత్రిలో పనికి కుదిరింది. రోజూ వచ్చిన రోగుల చిట్టీలు ముందేసుకుని, చిట్టీ నంబరు, జబ్బు నంబరు కంప్యూటర్లోకి ఎక్కించాలి. పేర్లతో పని లేదు, మొదటిసారి చిట్టీ ఇచ్చినప్పుడే అవి అందులోకి ఎక్కుతాయి, ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అదే చిట్టీ.

ఈ ఏర్పాటంతా డాక్టర్ ఫణిభూషణ్‌ది. భీమవరం వైపు మనిషి, దూలపల్లిలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసి, రోగుల వివరాలు కంప్యూటర్లో భద్రం చేస్తానని, ఊళ్లలో ఉన్న డాక్టర్లకు ఇంటర్నెట్లో పాఠాలు చెబుతానని బయలుదేరాడు. బంధువులంతా ఈయనకేదో గాలి సోకిందన్నారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అంత చదువూ చదివి కోపమన్నది నేర్చుకోలేదు పాపం.

జబీన్ ఉద్యోగం ఆర్నెల్లకే. ట్రస్టు సెక్రటరీ గోపాలరావు వచ్చి చూసి బాగుందంటే పర్మనెంటు, లేదంటే కంప్యూటరు మూలకు, పిల్ల ఇంటికి. ఇంట్లో తండ్రి చోటే మియా ద్రాక్షతోట రైతు. ఆయన ముందే తేల్చేశాడు.

"ఆర్నెల్లు జూస్త బిడ్డా. పక్కా కాకపోతె మీ ఫుప్పూ గాజుల దుకాన్ల కూసోవాలె."

ఆ మేనత్త నోటికి ఊరంతా జడుస్తుంది. ఆ దుకాణం తలుచుకుంటేనే జబీన్‌కు అన్నం సయించేది కాదు.

గోపాలరావు రానే వచ్చాడు. కుర్చీలో సర్దుకుని, "అందరికంటే ఎక్కువసార్లు వచ్చిన పేషెంటెవరో చూపించండి" అన్నాడు. ఫణిభూషణ్ ఉత్సాహంగా మీట నొక్కాడు.

చోటే మియా, అరవై ఒక్క ఏళ్లు, అలియాబాద్. ముప్ఫై ఒక్కసార్లు వచ్చాడు. మోకాళ్ల నొప్పులు. చెవిపోటు. తట్టు టీకా. గర్భం, ఐదో నెల.

గోపాలరావు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. "పెద్దాయనకు ఐదో నెలా డాక్టరుగారూ?"

ఫణిభూషణ్ మీట మళ్లీ నొక్కి చూశాడు, అదే వచ్చింది. జబీన్‌కైతే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా నోరు విప్పింది.

"సార్, ఆయన మా అబ్బా. ఐదో నెల మా వదినెకు. టీకా ఏజాజ్‌గానికి ఏసిండ్రు, మా అన్న కొడుకు."

"మరి ఆయన చిట్టీ మీద ఎందుకొచ్చారమ్మా?"

"ఇంటికొక్కటే కద సార్, రేషన్ కార్డు లెక్క. ఇంటి పెద్ద పేరు మీద ఉంటది, అందరం అదే దెచ్చుకుంటం. మా ఊర్ల ఎవ్వరింట్ల జూసిన గంతే."

మనిషికొక చిట్టీ అని విడిగా చెప్పాలని ఫణిభూషణ్‌కు తోచనే లేదు. ఇంటికొకటి కావడం జబీన్‌కు వింతగా తోచలేదు, అందుకే ఆమే ఎప్పుడూ చెప్పలేదు.

"అయితే ఆర్నెల్ల పనీ బూడిదపాలే" అని గోపాలరావు లేవబోయాడు.

"ఒక్క నెల ఇయ్యిండ్రి సార్" అంది జబీన్. "ఇల్లిల్లు తిరిగి ఎవ్వరి జబ్బు వాళ్లకు రాస్త. ఇగ చిట్టీ ఎవ్వరిదని అడగద్దు, నొప్పి ఎవ్వరికని అడగాలె."

ఆయన మళ్లీ కూర్చుని, సరే నెలే అన్నాడు.

చోటే మియా కథ అప్పటికే ఊరంతా పాకింది. "మియా, పులుపు తినాలనిపిస్తుందా?" అని పొరుగింటి గౌరయ్య రోజూ ఆటపట్టించేవాడు. ముందు మియాకు ఒళ్లు మండింది. తన పేరు మీద పడ్డ మచ్చ తనే తుడుచుకోవాలని కూతుర్ని లూనా బండి ఎక్కించుకుని బయలుదేరాడు. నాలుగిళ్లు తిరిగేసరికి ఆయనకే హుషారొచ్చింది. గడప ఎక్కగానే, "గౌరయ్యా, గీ దగ్గు నీదా, మీ తమ్మునిదా? జల్దీ చెప్పు, మస్తు ఇండ్లు తిరగాలె" అని గదమాయించేవాడు. గాజుల దుకాణం చెల్లెలు దారిలో ఎదురై పిల్లనెప్పుడు పంపుతావంటే, "దానికి తీరిక లేదు, ఇంకెవలనన్న జూస్కో" అనేశాడు. వెనక కూర్చున్న జబీన్‌కు సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

నెల తిరక్కుండానే పని పూర్తయింది. గోపాలరావు తనే ఏరి ఏరి పది ఇళ్లు సరిచూసుకుని, పర్మనెంటు చేస్తూ సంతకం పెట్టాడు. ఫణిభూషణ్ ఇంటర్నెట్ తరగతుల్లో ఈసారి పాఠం ఇదేనన్నాడు, చెప్పేది నువ్వేనన్నాడు.

"నేనా సార్? డాక్టర్లకా?"

"నీ దగ్గర నేర్చుకున్నదే కదమ్మా, మళ్లీ నేను చెప్పడమెందుకు?"

జబీన్ మైకు పెట్టుకుని అరగంట చెప్పింది. ఇరవై ఊళ్ల డాక్టర్లు విన్నారు. తెర మీద మొదటి ప్రశ్న వచ్చింది: "మేడమ్, మీది ఏ మెడికల్ కాలేజీ?"

ఫణిభూషణ్ అడ్డం రాబోతే జబీన్ వద్దంది. "నేను డాక్టరును కాదు సార్. మేడ్చల్‌ల బీకాం జేసిన" అని చెప్పేసింది.

 అందరూ వెళ్లిపోతారేమోనని తెర వంకే చూసింది. అప్పుడు ఆదిలాబాద్ నుంచి ఒక డాక్టరు రాశాడు.

"మా దగ్గర వాడ మొత్తానికీ ఒకటే చిట్టీ మేడమ్. ఎక్కడ మొదలుపెట్టమంటారు?"

జబీన్ కుర్చీ ముందుకు లాక్కుంది. "మొదటి ఇంటికి పోయి కూసోండ్రి సార్" అని చెప్పసాగింది.