పోలిక చోటు

మామగారి మేడమీద కాపురం ఉంటున్న చిన్నల్లుడికి, ఆ మామగారి బట్టలకు రంగులద్దే షెడ్డు వెనక వాగులో చేపలు లెక్కపెట్టే పని పడింది. అతను పనిచేసే కాలుష్య నియంత్రణ ఆఫీసులో చేపను చూసి పేరు చెప్పగలిగినవాడు అతనొక్కడే. మిగిలినవారికి తెలిసినవి రెండే రకాలు: ముల్లున్నవి, ముల్లు లేనివి.

"వాగు మీ మామగారి షెడ్డు వెనకదైతే ఏమిటయ్యా, చేపలు మీ చుట్టాలు కావుగా," అని ఆఫీసరు పంపించేశాడు.

వాగు ఆరోగ్యాన్ని నీటి రంగు చూసి కాదు, అందులో ఎవరెవరు కాపురం ఉంటున్నారో చూసి చెబుతారు. నీరు చెడితే ముందుగా సుకుమారమైన చేపలు వెళ్ళిపోతాయి. తర్వాత గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టేవి పోతాయి. చివరికి, పైకొచ్చి గాలి మింగి బతికే బురద చేపలు మిగులుతాయి. ఎన్ని రకాలున్నాయి, ఏ రకాలున్నాయి, ఒంటిమీద పుళ్ళున్నాయా అని చూసి మార్కులు వేస్తారు. ఆ మార్కుల్ని దగ్గరలో బాగున్న మరో చోటుతో పోల్చి 'మంచి', 'ఫరవాలేదు', 'హీనం' అని తేలుస్తారు. ఆ రెండోదాన్ని పోలిక చోటు అంటారు.

'ఫరవాలేదు' వస్తే షెడ్డుకు లైసెన్సు. 'హీనం' వస్తే రంగునీళ్ళు తేర్చే తొట్టి కట్టేదాకా తాళం. తొట్టి కట్టించడమంటే మామగారికి ప్రాణం మీదికొచ్చినట్టే.

భోజనాల దగ్గర అల్లుడు ఇదంతా వివరించాడు.

"అంటే కొన్ని చేపలు ఎలాంటి నీళ్ళలోనైనా సర్దుకుపోతాయన్నమాట. మన చిన్నల్లుడుగారిలా," అంది అత్తగారు. మెచ్చుకోలుగానే అంది. అతను కంచంలోకి చూసుకున్నాడు.

మామగారి చెవిన పడింది మాత్రం 'పోలిక' అన్న మాటే. పోల్చడంలో ఆయన్ని మించినవాడు లేడు. వేరే ఊళ్ళో బ్యాంకు మేనేజరుగా ఉన్న పెద్దల్లుడే ఆ ఇంటి కొలబద్ద. పెద్దల్లుడు ఈ వయసుకే ఇల్లు కట్టాడు. పెద్దల్లుడు కారును వెనక్కి తీస్తే గోడ కూడా ఒదిగి దారిస్తుంది. పెద్దల్లుడు తుమ్మితే పక్క గదిలోకి వినపడదు.

"మనదాన్ని దేనితో పోలుస్తారు?" అని అడిగాడాయన.

"ఎగువన రాళ్ళ మలుపుతో, మామయ్యగారూ. నీళ్ళు తేటే గానీ పాయ సన్నం, చేపల రకాలు తక్కువ. దాంతో పోలిస్తే మనకి బొటాబొటిగా 'ఫరవాలేదు' రావచ్చు."

"రావచ్చేమిటి, రావాలి. తేటనీళ్ళ పక్కన నిలబెడితే ఎవరైనా మురికిగానే కనిపిస్తారు. ఆ సబ్బుల షెడ్డువాడి వెనక పాయ ఉందిగా, దాంతో పోల్చండి. వాడి పక్కన నేను కడిగిన ముత్యాన్ని."

సబ్బుల షెడ్డు ఆసామికీ ఆయనకూ ఉప్పూ నిప్పూ.

"అక్కడ ఇప్పుడు పరిస్థితి…" అని అల్లుడు మొదలుపెట్టాడు.

"మీకు తెలీదు. వాడి నురుగు నేను కళ్ళారా చూశాను. పెద్దల్లుడైతే ఈపాటికి ఆఫీసరుతో మాట్లాడేసి ఉండేవాడు."

అల్లుడు మంచినీళ్ళు తాగాడు.

మర్నాడు మామగారే వెళ్ళి ఆఫీసరుతో మాట్లాడాడు. ఆఫీసరు సంతోషించాడు. రాళ్ళ మలుపుకు నడిచి వెళ్ళాలి, సబ్బుల షెడ్డు దాకా జీపు వెళుతుంది. పైగా రెండు పాయలూ ఒకే వెడల్పు కాబట్టి నిబంధనల ప్రకారం అదే సరైన పోలిక. ఆ షెడ్డు మూతపడిందని అల్లుడు గుర్తుచేస్తే, "కోరింది మీ మామగారు. మధ్యలో మీకెందుకు?" అన్నాడు.

వలలు వేసే రోజున శత్రువు పరువు పోవడం చూడాలని మామగారు మడత కుర్చీ తెచ్చుకుని ఒడ్డున కూర్చున్నాడు. చిన్నకూతురు పక్కన గొడుగు పట్టుకుని నిలబడింది. పాయకు అటూ ఇటూ అడ్డువలలు కట్టి, మధ్యలో వల లాగి ఒడ్డుకు తెచ్చారు. వెండి పరిగెలు, ఇసుకలో దూరేవి, చారల చేపలు, పేరు కోసం అల్లుడే కాసేపు ఆలోచించాల్సిన రకం ఒకటి. బకెట్లు నిండాయి.

"ఎవరో తెచ్చి వదిలారు," అన్నాడు మామగారు.

"సబ్బుల షెడ్డు మూతపడి ఏడాది దాటింది, నాన్నా. ఆ రోజు వీధంతా మిఠాయిలు పంచింది మీరే."

"పంచాను. వాడు దివాలా తీశాడని పంచాను. నీళ్ళు బాగుపడతాయని పంచానా?"

తర్వాత రంగుల షెడ్డు వెనక వల లాగారు. బురద చేపలు కాసిని వచ్చాయి, ఒంటినిండా పుళ్ళు. వాటిలో ఒకటి బకెట్లో పైకి తేలి, గాలి మింగి, మామగారిని ఒక చూపు చూసి మునిగింది.

'హీనం' అని తేలింది.

సాయంత్రం మామగారు అల్లుణ్ణి హాల్లో నిలబెట్టాడు. "పోనీ ఆ రాళ్ళ మలుపే పెట్టండి."

"మీరు కోరిన చోటు ఖాయమైపోయింది, మామయ్యగారూ."

"అయితే నాలుగు చేపలు ఎక్కువ రాయండి. నా కప్పు కింద ఉంటూ నా కోసం నాలుగు చేపలు రాయలేరా?"

"వలలో పడ్డవే రాశాను. సంతకం కూడా పెట్టేశాను," అని అల్లుడు మేడెక్కాడు.

పైన భార్య అట్టపెట్టెలో గిన్నెలు సర్దుతోంది.

"వెళ్ళమని ఆయన అనలేదుగా," అన్నాడతను.

"సుకుమారమైన చేపలు అనిపించుకునేదాకా ఉండవని మీరేగా చెప్పారు," అంటూ ఆమె మూకుడును కాగితంలో చుట్టింది.

మెట్లమీద అడుగుల చప్పుడైంది. మోకాళ్ళ నొప్పులని ఏనాడూ మేడెక్కని మామగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అట్టపెట్టెను చూశాడు. కూతురి మొహం చూశాడు. ఆమె చేతులు ఆగలేదు.

"ఆ తొట్టి ఎంత లోతుండాలి?" అని అడిగాడు చివరికి.

"మనిషి లోతు చాలు, మామయ్యగారూ."

"కడితే చేపలొస్తాయా?"

"మెల్లిగా వస్తాయి."

"ఆ సబ్బులవాడికి వచ్చినవాటికంటే ఒక రకం ఎక్కువే రావాలి."

ఆయన వంగి, పెట్టెలోంచి పెద్ద గిన్నె తీసి అలమరలో పెట్టాడు. అది అక్కడ పెట్టేది కాదు. కూతురు చూసి కూడా ఊరుకుంది. రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఈ సంగతి పెద్దల్లుడిదాకా పోనివ్వకండి."