నలభై రోజులు ప్రమీల చేతిలో ఫోను

ఆరేళ్లుగా నేను ఫోన్‌లో ఒకే కత్తియుద్ధాల ఆట ఆడుతున్నాను. జగ్గయ్యపేటలో నేను పనిచేసే మందుల షాపులో బేరం లేనప్పుడూ, బస్సులోనూ, ఆఖరికి చర్చి మెట్ల మీదా ఆడాను. తొంభై రెండో లెవెల్‌కి చేరాను. ఆ లెవెల్లో ఇచ్చే కవచం తొడుక్కుంటే ఎదుటివాడు పది దెబ్బలు కొట్టినా మనకేం కాదు. మా జట్టుకి నేనే నాయకుణ్ని. పదిహేను మంది నన్ను 'వెస్లీ అన్న' అంటారు. బయట నన్ను అంత గౌరవంగా పిలిచినవాడు లేడు. ముప్పై నాలుగేళ్లొచ్చాక, ఇది నాకు బాగా వచ్చు అని చెప్పుకోవడానికి ఈ ఆట ఒక్కటే మిగిలింది.

ఈ ఏడాది ఈస్టరు ముందొచ్చే శ్రమ దినాలకు అందరూ మాంసం మానేస్తుంటే, నేను గొప్పకు పోయి నలభై రోజులు ఆట మానేస్తానని పాస్టరుగారి ముందు తీర్మానం చేసుకున్నాను. ఇంటికొచ్చాక అసలు సంగతి గుర్తొచ్చింది. రోజుకి ఒక్క పోటీ అయినా ఆడకపోతే నాయకత్వం పోతుంది. అందుకని ఒక తెలివైన పని చేశాను. ఫోను నా భార్య ప్రమీల చేతిలో పెట్టాను.

"నేను ముట్టుకోను. నా పేరు మీద రోజుకో ఆట నువ్వాడు. కవచం ఉందిగా, అదే గెలిపిచ్చుద్ది."

"తీర్మానం నీది, ఆట నాదా? దేవుడికి ఆ మాత్రం తెలీదనుకున్నావా?" అంది ప్రమీల. అంటూనే ఆడింది కూడా, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు. మాటిచ్చాను కదా అని నేను అటు తలైనా తిప్పలేదు. జట్టులో ఎవరికీ చెప్పలేదు.

ఈస్టరు మర్నాడు మధ్యాహ్నం నందిగామ జట్టు నాయకుడు నవీన్‌బాబుతో నాకు పోటీ. మూడాటల్లో రెండు గెలవాలి. ఓడినవాడు నాయకత్వం వదిలెయ్యాలని ముందే ఒప్పుకున్నాం. పోటీకి ముందు మా జట్టు ప్రేమదాసు పెనుగంచిప్రోలు నుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, ఈ నెల రోజులూ ఏం ఆడావన్నా! ఆరేళ్లలో నీ ఆట అట్టా చూళ్ళా."

"అంతా కవచంలేరా."

"కవచమేందన్నా? రూలు మార్చి నెల దాటిందిగా. పోటీల్లో ఇప్పుడు అందరికీ ఒకటే కత్తి, ఒకటే కవచం. లెవెల్ లెక్కలోకే రాదు."

పోటీకి టైమైందని ఫోన్ పెట్టేశాను.

మొదటి ఆటలో పదకొండు సెకన్లకే ఓడిపోయాను. నవీన్‌బాబు ఈ ఆట మొదలుపెట్టి నాలుగు నెలలు. అతను కొడుతుంటే నేను కదలకుండా నిలబడ్డాను. కవచం చూసుకుని ఆరేళ్లు నేను నేర్చుకున్నది అదే మరి.

వంటింట్లో ప్రమీల గోంగూర ఆకు తుంచుతోంది. ఫోను ఆమె ముందు పెట్టాను.

"నిన్నటితో అయిపోయిందిగా?" అంది.

"ఇంకో రెండాడు."

చీర చెంగుకి చేతులు తుడుచుకుంది. నలభై రోజుల్లో మొదటిసారి ఆమె ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. తొందర లేదు. పక్కకి జరిగింది, కొట్టింది, మళ్లీ జరిగింది. రెండాటలూ గెలిచి ఫోను నాకిచ్చేసి, గోంగూర కట్ట అందుకుంది.

"ఎట్టా?" అన్నాను.

"వాడి కత్తి చూడను, కాళ్లు చూస్తా. ఏ కాలు ముందుకేస్తే ఆ పక్కనించే కొడతాడు. నీకు తెలీదా?"

నాకు తెలియదు. ఆరేళ్లలో ఒక్కసారైనా ఎవరి కాళ్లూ చూడలేదు. కోపం రావాలి, రాలేదు. సిగ్గనిపించాలి, అదీ లేదు. పన్ను పీకించుకున్నాక చెంప మొద్దుబారినట్టు లోపలంతా అలా ఉంది.

ఫోను మోగుతూనే ఉంది. 'అన్న అంటే అన్నే', 'మొదటాట కావాలనే వదిలేశావు కదన్నా' అని ఒకటే మెసేజ్‌లు. వచ్చే ఆదివారం మైలవరం జట్టుతో నాకు పోటీ తనే ఒప్పుకున్నట్టు కూడా రాశాడు ప్రేమదాసు.

'థాంక్స్ తమ్ముళ్లూ' అని టైపు చేసి పంపాను.

తర్వాత ప్రమీలనడిగాను, "ఆదివారం అన్నం ఎన్నింటికి పెడతావు పొయ్యి మీద?"