ఆరున్నరకు భోజనం

చెల్లెలి కూతురి పెళ్లి దాకా తన గురక గురించి రాజ్యలక్ష్మమ్మ పెద్దగా ఆలోచించలేదు. ఆరేళ్ల కిందట కమలాపురంలో ఆ పెళ్లికి వెళ్లి, చుట్టాల ఆడవాళ్లతో పాటు విడిదిలో చాప మీద పడుకుంది. తెల్లారి లేచేసరికి గదిలో తనొక్కతే ఉంది. మిగతావాళ్లంతా దిండ్లు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయారు.

"రాత్రంతా పిండిమర ఆడినట్టుండె కదక్కా," అని కాఫీ ఇస్తూ చెల్లెలు తనూజ నవ్వింది.

రాజ్యలక్ష్మమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా చివరి బస్సుకు కోయిలకుంట్లలోని తన ఇంటికి వచ్చేసేది.

భర్త వేణుగోపాల్ కొన్నాళ్లకు మేడ మీది గదికి మారాడు. "పొద్దున్నే అంగడి తెరవాల గదా, నాకు నిద్ర చాలడంల్యా," అన్నాడు. అందులో కోపమేమీ లేదు. పరుపు మోసుకెళ్లడానికి ఆమే ఒక చెయ్యి వేసింది.

వాళ్లది కిరాణా అంగడి. ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి పది. ఆయనకు వడ్డించి, ఆయన తిన్నాక తను తినేది. వేడన్నం, పప్పు, ధారాళంగా నెయ్యి, మిగిలిన బజ్జీలు. గిన్నెలు సర్ది వెంటనే పడుకునేది. ఎంతసేపు పడుకున్నా పొద్దున తల దిమ్ముగా ఉండేది. పగలు కూర్చున్న చోటే కునుకు పట్టేది. అందరూ బద్ధకం అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది.

ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే స్టూలు మీద కూర్చుని నిద్రపోయింది. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వాసన పసిగట్టి పక్కింటి విశ్వాసమ్మ తలుపు బాదకపోతే ఏమయ్యేదో. రాజ్యలక్ష్మమ్మ ఉలిక్కిపడి లేచి, గ్యాసు కట్టేసి తలుపు తీసింది.

"బద్ధకం కాదు లక్ష్మమ్మా ఇది. కర్నూలు పోయి సూపించుకో," అంది విశ్వాసమ్మ.

కర్నూలు ఆసుపత్రిలో ఒక రాత్రి ఒంటికి వైర్లు పెట్టి పడుకోబెట్టారు. మర్నాడు డాక్టరు కాగితం చూసి చెప్పాడు. "నిద్రలో మీ గొంతు మూసుకుపోతోందమ్మా. గంటకు ముప్పై నాలుగు సార్లు ఊపిరి ఆగుతోంది."

అన్నిసార్లా! ప్రతి రాత్రీ అన్నిసార్లు ఊపిరి ఆగి, మళ్లీ మొదలై, ఆ సంగతి తనకు కూడా తెలియకుండా పోయిందా అనుకుంది. ఆ ఆలోచనకే ఆమెకు కళ్లు చెమర్చాయి.

ముక్కుకు తగిలించుకునే గాలి మిషను రాసిచ్చాడు. బరువు తగ్గాలన్నాడు. నెయ్యి, వేపుళ్లు, రాత్రి అన్నం తగ్గించమన్నాడు. పడుకునే మూడు గంటల ముందే భోజనం ముగించమన్నాడు.

"ఆయన రాకముందే నేనెట్ల తినేది సార్?" అంది.

డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

మొదటిరోజు సాయంత్రం ఆరున్నరకు ఒక జొన్నరొట్టె, ఆకుకూర, మజ్జిగ ముందు పెట్టుకుని కూర్చుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయనకంటే ముందు తినడం అదే మొదలు. ఎవరైనా చూస్తారేమోనని రెండుసార్లు లేచి వాకిలి వైపు చూసింది. ఎవరూ రాలేదు. రొట్టె నమిలే చప్పుడు తనకే వినిపిస్తోంది. ఇంకో ముద్ద పెట్టుకోమని బలవంతం చేసేవాళ్లు లేరు, వద్దనేవాళ్లూ లేరు.

ఎనిమిది నెలల్లో పదకొండు కిలోలు తగ్గింది. మళ్లీ పరీక్ష చేస్తే ముప్పై నాలుగు కాస్తా పదిహేడైంది. మిషను మాత్రం మానొద్దన్నారు. పగటి కునుకులు పోయాయి. మేడ మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలుగుతోంది.

ఆ సంగతి చెబితే వేణుగోపాల్ సంతోషించాడు. "ఇంగ కిందికే వస్తాలే," అన్నాడు. ఆ రాత్రే పరుపు దింపాడు. కానీ ఆయన వచ్చేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. హాట్‌బాక్సులో పెట్టినది ఆయన వడ్డించుకుని తింటాడు. తెల్లారకముందే, ఆమె లేచేలోపు, అంగడికి వెళ్లిపోతాడు. వారం గడిచినా ఇద్దరూ మాట్లాడుకున్నది లేదు. పక్కన ఆయన పడుకున్న గుర్తుగా దుప్పటి మాత్రం నలిగి ఉండేది.

ఎనిమిదో రోజు సాయంత్రం ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని అంగడికి వెళ్లింది.

"ఏమే, ఈడికొచ్చినావు?" అన్నాడాయన కంగారుగా.

"తినేదానికొచ్చినా. మీగ్గూడా రెండు రొట్టెలు తెచ్చినా."

"ఇప్పుడా? గిరాకీ టయిము గదా!"

ఆమె లోపల బియ్యం మూటల పక్కన కూర్చుని డబ్బా విప్పింది. ఆయన కందిపప్పు తూచాడు, నూనె ప్యాకెట్లు అందించాడు, ఎవరితోనో బెల్లం రకం గురించి వాదించాడు. నడుమ ఒకసారి లోపలికి వచ్చి, నిలబడే సగం రొట్టె తుంచుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు తక్కువుండాది," అన్నాడు.

"అట్లే తినల్లంట," అంది.

ఎవరో పిలిస్తే మళ్లీ బయటికి వెళ్లాడు. ఆమె ఆయన గొంతు వింటూ నిదానంగా తినడం ముగించింది. మిగిలిన రొట్టెన్నర మీద మూత పెట్టి గల్లాపెట్టె పక్కన ఉంచి, చీకటి చిక్కబడకముందే ఇంటికి నడిచింది.