మైసమ్మకు మొక్కిన పుంజు

సత్యవేణికి ఆ ఇంట్లో అత్తంటే భయం లేదు, మొగుడంటే అసలే లేదు. భయమల్లా పుంజంటేనే. మామూలు పుంజైతే ఎప్పుడో కూరై జొన్నరొట్టెల్లోకి పోయేది. ఇది మైసమ్మకు మొక్కిన పుంజు. దాన్ని అదిలించకూడదు, కట్టె చూపకూడదు, ఛీ అనకూడదు. ఆ సంగతి గుడ్డులో ఉన్నప్పుడే తెలిసినట్టు అది మెడ నిక్కించుకుని, నాచారంలోని ఆ ఇరుకు పెరడంతా ఏలుకుంటోంది.

మొక్కు సంగతి కిందటేడాదిది. చికెన్‌గున్యా వచ్చి జనమంతా కాళ్లీడ్చుకుంటూ దవాఖానాల చుట్టూ తిరిగిన రోజుల్లో సత్యవేణి భర్త జీవన్ కూడా మంచం పట్టాడు. ఉప్పల్‌లో ట్రాలీ ఆటో నడిపే మనిషి, నీళ్ల చెంబు ఎత్తలేకపోయాడు. అప్పుడు అతని తల్లి సారలమ్మ గంప ఎత్తి ఒక కోడిపిల్లను పట్టుకుని, దాని కాళ్లకు పసుపు రాసి, "తల్లీ మైసమ్మా, నా కొడుకును లేపు. గీ పిల్ల పుంజైతే బోనాలకు నీకే ఇస్త" అని మొక్కుకుంది. కొడుకు లేచాడు. పిల్ల పుంజైంది.

ఇక చూడాలి దాని వైభోగం! అది ఎదురొస్తే మనుషులు పక్కకు తప్పుకునేవారు. నూకల చేటలోకి ఎక్కితే "తిననియ్, తల్లిది" అనేవారు. గోడ దూకి పక్కింటి శాంతాబాయి కొత్తిమీర మడి మొత్తం గోకిపారేస్తే, ఆవిడ తిట్టబోయి నాలుక కరుచుకుని దండం పెట్టింది. ఇంతమంది ఇన్ని నెలలు వెనక్కి తగ్గుతూ పోతే ఎవరికైనా కళ్లు నెత్తికెక్కుతాయి. పుంజుకూ ఎక్కాయి.

అలాంటి పుంజుకు సత్యవేణి దొరికింది. ఆమె పారిశ్రామికవాడలో చొక్కాలు కుట్టే కంపెనీలో కాలర్ల మిషను మీద పనిచేస్తుంది. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు వైపు నడిస్తే చాలు, పెట్టల మధ్య నుంచి పుంజు ఒక రెక్క కిందికి వాల్చి, పక్కవాటుగా జరిగి జరిగి వచ్చి, ఎగిరి పిక్క మీద తన్నేది. మొదటిసారి తన్నినప్పుడు ఆమె కెవ్వుమని ఉరికింది. అదే చేసిన పొరపాటు. ఉరికేవాళ్లను తరమడంలో ఎంత మజా ఉంటుందో పుంజుకు తెలిసిపోయింది. అప్పటి నుంచి ఆమె పిక్కల మీద గీతలు మానిందీ లేదు, కుచ్చిళ్లకు మట్టి వదిలిందీ లేదు.

నూకలు వేసే చెయ్యి కాబట్టి సారలమ్మ జోలికి అది పోదు. జీవన్ బండెక్కి పోతాడు. తన్నేది ఒక్క కోడలినే. దీనికి సారలమ్మ దగ్గర అర్థం సిద్ధంగా ఉంది.

"అమ్మోరి కోడి ఊకెనే తన్నుతదా? నన్ను తన్నదు, శాంతాబాయిని తన్నదు. నిన్నే ఎందుకు తన్నుతున్నది? పొద్దుగాల్నే నువ్వు గేటు దాటుడు తల్లికి ఇష్టం లేదు పిల్లా."

"తల్లికి ఇష్టం లేదా, నీకు ఇష్టం లేదా అత్తమ్మా?"

"ఇంటున్నవా జీవన్, నీ పెండ్లాం నోరు!"

జీవన్ వింటూనే ఉన్నాడు. పచ్చిపులుసు అన్నంలోకి మరీ శ్రద్ధగా కలుపుకుంటూ వింటున్నాడు.

సారలమ్మే తీర్పు చెప్పింది. "బోనాల నాడు తేలుతది. నీళ్లు జల్లినంక పుంజు ఒళ్లు ఇదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. నువ్వు డ్యూటీకి పో, నేను ఒక్క మాటనను. ఇదిలియ్యలేదనుకో, తల్లికి నీ మీద కోపమున్నట్టే. కంపెనీ బంద్, ఇంట్ల కూసో."

"సరే తియ్" అన్నాడు జీవన్. ఎవరికి సరే అన్నాడో అతనికే తెలియాలి.

సత్యవేణికి ఒళ్లు మండిపోయింది. కంపెనీ అంటే ఆమెకు ప్రాణం. కాలర్ మూల తిప్పడం అందరికీ రాదు, ఆమెకు వస్తుంది. అక్కడ హాజరు తీసేటప్పుడు "సత్యవేణీ" అని నిండుగా పిలుస్తారు. ఇంట్లో అత్తకు ఆమె ఎప్పుడూ "పిల్లా", మొగుడికి "ఇగో". పెళ్లయి వచ్చాక సొంత పేరు వినపడే చోటు అదొక్కటే మిగిలింది. దాన్ని ఒక కోడి చేతిలో, కాదు, ఒక కోడి కాలిలో పెట్టి చూస్తూ కూర్చోవాలా?

దారి కంపెనీలోనే దొరికింది. ఆ రోజు సూపర్‌వైజర్ అరుచుకుంటూ మిషన్ల వరస వెంట వచ్చాడు. తల వంచుకున్న వాళ్ల దగ్గర ఆగి మరీ అరిచాడు. సత్యవేణి దగ్గరికి వచ్చేసరికి ఆమె కుట్టు ఆపి, అతని ముఖంలోకి చూసి, "చెప్పన్నా, ఏమైంది?" అంది. ఏమీ కాలేదు కాబట్టి అతను ఇంకో మిషన్ దగ్గరికి పోయాడు. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఆమెకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది. ఓసినీ, పుంజూ అంతే కదా! నేను ఉరుకుతున్నా కాబట్టే అది తరుముతోంది.

మర్నాడు పుంజు రెక్క వాల్చుకుని రాగానే ఆమె ఆగిపోయింది. అది ఎగిరి తన్నింది. టిఫిన్ డబ్బా అడ్డం పెట్టింది. ఠంగుమంది. పుంజు బిత్తరపోయి మళ్లీ ఎగిరింది. ఈసారి సత్యవేణి ఒక అడుగు ముందుకే వేసింది. దాని బతుకులో తన వైపు అడుగు వేసిన మనిషే లేడు. అది ఏం చేయాలో తోచక నేలను పొడిచినట్టు నటించింది. ఆ అదనులో ఆమె వంగి, రెండు రెక్కలూ కలిపి పట్టి, ఎత్తి చంకలో పెట్టుకుంది.

"ఓ పిల్లా! మొక్కిన కోడినే ముట్టుకుంటవా!" సారలమ్మ చేట పారేసి పరుగెత్తుకొచ్చింది.

"కొడుతలేను అత్తమ్మా, తిడుతలేను. ఎత్తుకున్న. అమ్మోరి కోడిని ఎత్తుకుంటే తప్పా?"

సారలమ్మ నోరు తెరిచింది గానీ, తప్పని ఎక్కడా విన్నట్టు గుర్తు రాలేదు.

పుంజు కాసేపు గింజుకుంది. సత్యవేణి దాని తలను అరచేత్తో మెల్లిగా కిందికి వంచి, పెట్టలన్నీ చూస్తుండగా పెరడంతా తిప్పింది. ఒళ్లు వదులైందాకా దించలేదు. రోజూ డ్యూటీకి పోయే ముందు అదే పని. రానురాను పుంజుకు ఆ చంక అలవాటైపోయింది. ఎత్తుకోగానే కళ్లు మూతలు పడేవి. దించితే తోక సర్దుకుని, ఒళ్లంతా ఒక్కసారి విదిలించుకుని, పెట్టల దగ్గరికి పోయేది. గేటు వైపు చూడటం మానేసింది.

బోనాల ఆదివారం వచ్చింది. డప్పులు, వేపమండలు, కొత్త చీరలు, గల్లీ నిండా బోనాలెత్తిన ఆడవాళ్లు. సారలమ్మ బోనం ఎత్తుకుంది. పుంజును పట్టుకోబోయిన జీవన్ చేతిని అది రక్తం వచ్చేలా పొడిచింది. "ఇగో, నువ్వే పట్టు" అన్నాడతను వేలు చప్పరిస్తూ. సత్యవేణి దాన్ని చంకలో పెట్టుకుని నడిచింది. డప్పుల మోతకు పిల్లలు చెవులు మూసుకుంటున్నారు, పుంజు మాత్రం హాయిగా కునుకు తీస్తోంది.

గుడి ముందు వరసలో నిలబడ్డాక గానీ ఆమెకు అసలు సంగతి తట్టలేదు. చంకలో ఉంటే ఇది ఒళ్లు విదిలించదు. తానే అలా అలవాటు చేసింది. విదిలించకపోతే డ్యూటీ బంద్. కింద పెడితే? రోజూ చూస్తున్నదే, పెట్టిన మరుక్షణం విదిలించుకుంటుంది. డ్యూటీ దక్కుతుంది, దీని మెడ తెగుతుంది. రోజూ పొద్దున తన పక్కటెముకల మీద కొట్టుకునే ఆ వెచ్చని గుండె ఆగిపోతుంది. ఏడుపొచ్చినంత పనైంది ఆమెకు. ఈ పాడు కోడి మీద ఇంత మమకారం ఎప్పుడు పెంచుకుందో ఏమో!

సారలమ్మ పసుపునీళ్లు చల్లింది. పుంజు ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసుకుంది. ఇంకో దోసెడు చల్లింది. నీళ్లు ఈకల మీంచి జారి సత్యవేణి చీర తడిసింది తప్ప పుంజు కదల్లేదు. వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి.

"సూసినవా పిల్లా, తల్లి ఒప్పుకుంటలేదు. నీ మీద కోపమే."

కత్తి పట్టుకున్నతను విసుక్కున్నాడు. "కింద పెట్టున్రి, ఇదిలిస్తది."

"దించవే" అంది సారలమ్మ.

"దించ." సత్యవేణి గొంతు డప్పుల మీంచి వినపడింది. "గీ కోడి నన్ను తన్నినప్పుడు తల్లికి కోపమంటివి. నేను ఊకున్న. మరి గదే కోడి ఇయ్యాల తల్లి ముంగట నా చంకల పండుకున్నది. నీళ్లు జల్లినా దిగుతలేదు. ఇది గూడ తల్లి మాటే కద అత్తమ్మా? జర దీనికి అర్థం చెప్పు."

శాంతాబాయి ముక్కు మీద వేలేసుకుంది. "నిజమేనే సారలమ్మా! తన్నుడు కోపమైతే, పండుకునుడు ఏంది మరి?"

సారలమ్మ పుంజును చూసింది, గుళ్లోకి చూసింది, మళ్లీ పుంజును చూసింది. తన లెక్క తనకే ఎదురు తిరిగితే మనిషి ఏం చేస్తుంది? కొబ్బరికాయ కొట్టి, "నీ పేరు మీద ఇడిశిపెడుతున్న తల్లీ, తప్పుంటే మాఫ్ జెయ్" అని చెంపలు వేసుకుంది. పుంజును ఎత్తుకున్న కోడలి వెనకే ఇంటి దారి పట్టింది.

సోమవారం పొద్దున్నే సత్యవేణి డబ్బా సర్దుకుంటుంటే పెరట్లో కేక వినిపించింది. తల్లి వద్దన్న కోడి అంటే సారలమ్మకు ఇప్పుడు దడ పట్టుకుంది. దగ్గరికి పోవడానికి జంకి, దూరం నుంచే నూకలు విసిరి వెనక్కి నడిచింది. అడుగు వెనక్కి పడితే పుంజు ఊరుకుంటుందా? రెక్క వాల్చి, ఎగిరి, పిక్క మీద ఒక్కటిచ్చింది. పెద్దావిడ చీర ఎత్తిపట్టి పెరడంతా పరుగు.

సత్యవేణి గడప మీద నిలబడింది. అనకుండా ఉంటుందా? అంది.

"ఏం తప్పు చేసినవ్ అత్తమ్మా? అమ్మోరి కోడి ఊకెనే తన్నదు గద!"

"నీ నోట్ల మన్నువడ! ముందు దీన్ని పట్టవే!"

"నేను పట్ట. నువ్వే పడతవ్. ఉరకకు. నిలబడు. ఆఁ, గట్లనే. ఇగ ముందటికి రా."

సారలమ్మ నిలబడింది. ఇంకో తన్ను తిని, పళ్లు బిగించి, అడుగు ముందుకేసింది. పుంజు నేలను పొడిచినట్టు నటించింది. "రెక్కలు కలిపి పట్టు" అంటూ సత్యవేణి పక్కకొచ్చి, అత్త చేతుల మీద చేతులేసి ఎత్తించింది. పుంజు గింజుకుని, గింజుకుని, చివరికి సారలమ్మ చంకలో వదులైంది. ఆవిడ దాని మెడ మీద భయంభయంగా చెయ్యి పెట్టింది.

"అవ్వో, దీని గుండె ఎట్ల కొట్టుకుంటున్నదే! ఇది గూడ భయపడ్డది."

"పడదా మరి? కోడే గద."

పారిశ్రామికవాడ వైపు నుంచి సైరన్ మోగింది. సత్యవేణి డబ్బా తీసుకుని గేటు తీసింది.

"సత్యవేణీ!"

ఆమె ఆగిపోయింది. వెనక్కి తిరిగితే పెరట్లో ఎవరూ లేరు, పుంజును ఎత్తుకున్న అత్త తప్ప.

"ఏమన్నవ్ అత్తమ్మా?"

"ఏమన్న? ఆల్చమైతున్నది, డ్యూటీకి పొమ్మన్న" అంది సారలమ్మ.