సోఫా ముందుకు రానన్న పువ్వు

ఎవరు ఎక్కడ ఉండాలో చెప్పడమంటే నా కొడుకు సుధాకర్‌కు మహా ఇష్టం. వాడి బతుకుతెరువు కూడా అదే. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎక్కడ చేను కనబడినా ప్లాట్లు చేసి, హద్దురాళ్లు పాతించి, ఇది నీది, అది వాళ్లది అని వేలు పెట్టి చూపిస్తాడు. జనం తలలూపుతారు. ఇంట్లోనూ అదే వరస. పొద్దున్నే హాల్లోకి వచ్చి నాలుగు కుర్చీలు అటూ ఇటూ జరపనిదే వాడికి చాయ్ గొంతు దిగదు. అలాంటి వాడికి చుక్కలు చూపించింది గుప్పెడంత సముద్రపు జీవం. నేను దాని పక్షాన నిలబడ్డాను, అంతే.

నా పేరు సత్యమ్మ. ఈ ఇంటి వెనక కొట్టంలో నా చేతి మీద పెరిగిన బర్రెలు ఉండేవి. కొత్త ఇల్లు కట్టాక, పేడ వాసనకు పెద్దమనుషులు ముక్కు మూసుకుంటున్నారని సుధాకర్ సణగడం మొదలుపెట్టాడు. నేను కీసరలో మా చెల్లెలి మనవరాలి పెళ్లికి పోయి తిరిగొచ్చేసరికి బర్రెలు లేవు, కొట్టం లేదు. అక్కడ కార్లకు రేకుల షెడ్డు లేస్తోంది. "నీకు జర రెస్టు కావాలె గదమ్మా" అన్నాడు. నేను అడిగానా రెస్టు? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సుధాకర్ కూతురు నయన శామీర్‌పేట అవతల ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. తన జీతంతో హాల్లో సోఫాకు ఎదురుగా ఉప్పునీళ్ల గాజుతొట్టి పెట్టుకుంది. అందులో రెండు నారింజరంగు చేపలు. నయన డ్యూటీకి పోతే తొట్టి బాధ్యత నాది. నీళ్లు తగ్గితే పోయడం, అద్దం తుడవడం, అన్నిటికంటే ముఖ్యంగా మోటారు చప్పుడు మీద ఒక చెవి వేసి ఉంచడం. లోపలి నీళ్లను అలలాగా తిప్పే చిన్న మోటారు అది. బర్రెలు నెమరువేసే చప్పుడు పోయాక నాకు మిగిలిన చప్పుడు ఇదొక్కటే.

ఒక సాయంత్రం నయన సుచిత్ర చౌరస్తా దగ్గరి దుకాణం నుంచి థర్మకోల్ డబ్బా పట్టుకొచ్చింది. అందులో నీళ్ల సంచి, సంచిలో ముడుచుకున్న ముద్ద.

"ఏందే గిది, నానబెట్టిన చింతపండు లెక్కున్నది?" అన్నాను.

"సీ అనెమొని అవ్వా. ఇచ్చుకుంటే పువ్వు లెక్కుంటది గని పువ్వు గాదు, జీవమే. నడిమిట్ల నోరు, చుట్టూత వేళ్లు, కింద పాదం. ఆ పాదంతోనే రాయిని పట్టుకుంటది."

సంచిలో నీళ్లు వేరు, తొట్టిలో నీళ్లు వేరు. ఉన్నపళంగా మారిస్తే అది తట్టుకోలేదట. నయన దాన్ని సంచి నీళ్లతో సహా బకెట్‌లోకి దించి, సన్నగొట్టానికి ముడివేసి, తొట్టి నీళ్లను సెలైన్ ఎక్కించినట్టు చుక్కచుక్కగా అందులోకి వదిలింది. నేను పీట వేసుకుని పక్కనే కూర్చున్నాను.

"సోఫాల కూసున్నోళ్లకు ఎదురుంగ పెట్టు," అని సుధాకర్ వేలు చూపించాడు.

"పెడత గని నాయినా, ఆడ్నే ఉంటదో పోతదో దానిష్టం. ఎల్తురు, నీళ్ల అల మంచిగనిపించిన జాగ దొరికేదాక నడుస్తనే ఉంటది."

"పువ్వు నడుసుడేందే," అని వాడు నవ్వాడు.

మర్నాడు నయన డ్యూటీకి పోయాక నేనూ ఒక పిచ్చిపని చేశాను. కొత్త బర్రెను తోలుకొస్తే మేము ముందుగా చేత్తో బెల్లం తినిపిస్తాం. చెయ్యి తెలిస్తేనే దానికి ఇల్లు తెలుస్తుంది. ఇక్కడ బెల్లం పనికిరాదని నాకు తెలుసులెండి, చేపల కోసం ఫ్రిజ్‌లో దాచిన రొయ్యముక్క తీసి దాని నోటి దగ్గర పెట్టాను. సన్నటి వేళ్లు నా వేలికి జిగురులా అంటుకున్నాయి. మింగింది. నేను మురిసిపోయాను. కాసేపటికే ముక్కను బయటికి కక్కేసి మళ్లీ చింతపండులా ముడుచుకుపోయింది.

"అవ్వా, కొత్తగొచ్చినదానికి అప్పుడే తిండి పెట్టొద్దు, ముట్టుకోవద్దు. దాని మానాన దాన్ని ఉండనియ్యి," అంది నయన ఇంటికొచ్చి.

నాకు మొదట రోషం వచ్చింది. ఇన్ని పశువులను సాకినదాన్ని, నాకు చెబుతుందా అనుకున్నాను. తర్వాత దాన్నే చూస్తూ కూర్చుంటే నయన మాట నిజమేననిపించింది. ఈ జీవానికి నా చెయ్యి అక్కర్లేదు. దాని మీదికి ఏ చెయ్యీ రాకుండా చూసే మనిషి కావాలి. ఆ పని నాకు చేతనవును.

తెల్లారి చూస్తే రాయి ముందుభాగం ఖాళీ. పువ్వు నడిచి నడిచి రాయి వెనక్కి, తొట్టి పక్క అద్దం వైపుకు పోయి కూర్చుంది. సోఫాలోంచి చూస్తే రాయి తప్ప ఇంకేమీ కనబడదు. సుధాకర్ నేరుగా వంటింట్లోకి పోయి అట్లకాడ పట్టుకొచ్చాడు.

"ఆదివారం వార్డు పెద్దమనుషులు వస్తున్నరు. మా ఇంట్ల సముద్రం పువ్వున్నదని అందరికి చెప్పుకున్న. గిదేమో ఎనకకు వోయి దాసుకున్నది."

"దానికి గాడ నచ్చింది."

"నచ్చుడేంది? జర ముందటికి నూకుత."

నేను వాడి మణికట్టు పట్టుకున్నాను. పాలు పిండిన చెయ్యి నాది, పట్టు ఇంకా ఉంది. "పాదం రాయిని పట్టుకున్నది. పీకితే చినుగుతది, సస్తది. గాడ పీకి గీడ పాతేటందుకు అది నీ హద్దురాయి గాదు."

వాడు అట్లకాడ దించాడు కానీ పంతం దించలేదు. "ఆదివారం నాటికి ముందటికి రాకుంటే డబ్బా మొత్తం తీపిస్త. గాడ పెద్ద టీవీ పెడత."

"తీపియ్యి, సూద్దాం," అన్నాను.

ఆదివారం రానే వచ్చింది. పువ్వు మాత్రం ముందుకు రాలేదు. మున్సిపాలిటీ ఎన్నికల్లో వార్డు టికెట్ కోసం సుధాకర్ పెట్టుకున్న మీటింగ్ అది. పొద్దున్నే టెంట్‌హౌస్ నగేష్ కుర్చీలు, మైకుసెట్టు దించాడు. నయనకు ఆదివారం కూడా డ్యూటీయే. తొట్టిని చూసి సుధాకర్ పళ్లు కొరికాడు. అప్పటికే జనం వస్తున్నారు కాబట్టి, "మీటింగ్ అయినంక దీని సంగతి సూస్త," అని సర్దుకున్నాడు.

కోడలు చాయ్ పోస్తుంటే నేను గ్లాసులు అందిస్తున్నాను. హాల్లో సుధాకర్ ఉపన్యాసం మొదలైంది. నాకు మాత్రం ఏదో వెలితిగా ఉంది. పొయ్యి ఆపి విన్నా అదే వెలితి. అప్పుడు తట్టింది, మోటారు చప్పుడు లేదు. కుర్చీల రాపిడిలో, జనం మాటల్లో ఎప్పుడు ఆగిందో తెలియలేదు. చేతిలో గ్లాసులు అక్కడే పెట్టి హాల్లోకి పోయాను.

చేపలు రెండూ నీటి పైకి తేలి నోళ్లు తెరిచి ఊపిరికి కొట్టుకుంటున్నాయి. రాయి వెనక్కి వంగి చూస్తే పువ్వు వేళ్లు వాడిన తోటకూరలా ఒక పక్కకు వేలాడుతున్నాయి. మోటారు వైరు నేలమీద పడి ఉంది. దాని చోట మైకుసెట్టు నల్లవైరు. ఏ ఇంట్లోనైనా టెంట్‌హౌస్ వాళ్లు చేసేది ఇదే, దగ్గర్లో కనబడిన ప్లగ్గు పీకేసి తమది పెట్టుకుంటారు. నగేష్‌ను అనడానికేముంది?

"మన వార్డుల ప్రతి మనిషికి ఒక జాగ ఉండాలె. ఆ జాగ నేను సూపిస్త. నేను..." అంటున్నాడు సుధాకర్ మైకులో.

నేను నల్లవైరు పీకేశాను. మిగిలిన మాట వాడి నోట్లోనే ఉండిపోయింది. మోటారు ప్లగ్గు పెట్టాను. నా చప్పుడు నాకు వినబడింది.

"నగేష్, కరెంటు పోయిందా?"

"పోలేదు. నేనే తీసిన," అన్నాను.

కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. సుధాకర్ నవ్వుముఖం పెట్టుకునే నా దగ్గరకు వచ్చాడు. "అమ్మా, మైకు పెట్టు," అన్నాడు గొంతు తగ్గించి.

"నీకు గొంతున్నది. వీటికి ఈ మోటరొక్కటే ఉన్నది. ఉత్తగొంతుతోని మాట్లాడు."

"చాపల కోసం నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా? నగేష్, నువ్వు పెట్టు."

నగేష్ ఒక అడుగు వేశాడు. నేను పక్కనున్న మా ఇంటి కుర్చీని లాగి, ప్లగ్గుబోర్డుకు వీపు ఆనించి కూర్చున్నాను. "రా బిడ్డా. ముందుగాల నన్ను జరుపు, ఎనక ప్లగ్గు పెట్టు," అన్నాను. నగేష్ నన్ను చూశాడు, సుధాకర్‌ను చూశాడు, వైరు చుట్టగా చుట్టి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

సుధాకర్ నా చెవి దగ్గరికి వంగాడు. "గిదంత బర్ల కోసమేనా?"

"అవ్, బర్ల కోసమే." నేను గొంతు తగ్గించలేదు. "బర్లను తోలేసిననాడు నేను కీసరల ఉంటి. ఇయాల ఇంట్లనే ఉన్న."

హాలంతా విన్నది. ముందు వరసలో కూర్చున్న జనార్ధన్ పెద్దమనిషి దగ్గి, "కానియ్యి సుధాకర్, గట్టిగ మాట్లాడితె ఇనబడ్తది తియ్," అన్నాడు. వాడు మైకు లేకుండానే మాట్లాడాడు. అందరికీ వినబడింది కూడా. నేను లేవలేదు. చాయ్ నా దగ్గరికే వచ్చింది.

కూర్చున్నాకగానీ తెలియలేదు, ఆ కుర్చీకి సరిగ్గా ఎదురుగా ఉన్నది తొట్టి పక్క అద్దమేనని. జనం లేచేసరికి చేపలు కిందికి దిగాయి. పువ్వు ఒక్కొక్క వేలూ సాచి, సాయంత్రానికి నిండుగా విచ్చుకుంది. అది అంతగా విచ్చుకోగా చూడడం నాకు అదే మొదలు. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

నగేష్ తన కుర్చీలు తీసుకుపోయాక సుధాకర్ అలవాటు కొద్దీ హాలు సర్దడం మొదలుపెట్టాడు. సోఫా జరిపాడు, టీపాయ్ జరిపాడు, తొట్టి జోలికి మాత్రం పోలేదు. నేను తొట్టిలో నీళ్లు పోయడానికి లేస్తే నా కుర్చీ మీద కూడా చెయ్యి వేశాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. వాడు చెయ్యి తీసేశాడు.