ఏటి మధ్య కొలకర్ర

సర్వే క్యాంపులో ప్రతి గ్రూపూ మొదటి రోజే తిట్టుకుని రెండుగా చీలింది. మేం నలుగురం మాత్రం చెక్కుచెదరలేదు. అది మా మంచితనం అనుకునేరు, కాదు. ఎంతసేపు ఎండలో నిలబెట్టినా కిక్కురుమనని మనిషి ఒకడు మా గ్రూపులో ఉన్నాడు. అలాంటివాడు ఒక్కడుంటే మిగతావాళ్లకి పోట్లాడుకునే అవసరమే రాదు.

వాడికి స్తంభం అని పేరు పెట్టింది రేడియో. పేరు చెబితేనే తెలిసిపోతుంది, నోరు మూతపడని రకం. నాలుగోది అమ్మమ్మ. మా ఈడుదే, కానీ దాని సంచిలో తలనొప్పి మాత్రల నుంచి సూదీ దారం దాకా అన్నీ దొరుకుతాయి, ప్రతిదానికీ "జాగర్త" అంటుంది. లెక్కలు రాసేది అదే. దుర్భిణి దగ్గర నేను.

పని చెప్పుకోవడానికి సులువే. ఒకరు అంకెలు గీసిన పొడవాటి కొలకర్ర పట్టుకుని దూరంగా నిటారుగా నిలబడాలి. నేను ఇవతల నుంచి దుర్భిణిలో ఆ అంకె చదవాలి. అంత దూరం మాట వినపడదు కాబట్టి అంతా చేతుల భాష. కుడిచెయ్యి చాపితే కుడికి జరుగు, ఎడమచెయ్యి చాపితే ఎడమకి, రెండు చేతులూ తల మీదికి ఎత్తితే సరిగ్గా ఉంది, కదలకు. మా సార్ ఈ సైగలన్నీ కసరత్తు చేయించినట్టు చేయించి ఒంటబట్టించారు. "కర్ర పట్టుకున్నవాడు సొంత బుర్ర వాడకూడదు. వాడి బుర్ర దుర్భిణి దగ్గర ఉంటుంది" అనేవారు. మేమంతా నవ్వాం. స్తంభం ఒక్కడే తలూపాడు.

ఆ రోజు ఎండిపోయిన ఏటి అడుగు కొలుస్తున్నాం. ఏటి నడుమ ఒక బండ, బండ మీద స్తంభం. వాడి ఫోను చెమటకి తడిసి పాడవుతుందని అమ్మమ్మ తీసుకుని తన సంచిలో జాగర్త చేసింది.

నేను అంకె చదవబోతుంటే వాడి వెనక ఇసుక రంగు మారింది. మబ్బు నీడేమో అనుకున్నాను. నీడ మెరిసింది. ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తారు.

"నీళ్లు! నీళ్లొస్తున్నాయి!" అని అరిచి, వచ్చెయ్ రా అని కుడిచెయ్యి విసిరాను. వాడు బుద్ధిగా ఒక అడుగు కుడికి జరిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇంకా గట్టిగా విసిరాను. ఇంకో అడుగు జరిగాడు. అలా అలా బండ దిగి, కర్రతో సహా పల్లంలో నిలబడ్డాడు. ఇది చూసి రేడియోకి మతిపోయి, రెండు చేతులూ తల మీదికి ఎత్తి గంతులేశాడు. స్తంభం కర్ర నిటారుగా పట్టుకుని అక్కడే బిగుసుకుపోయాడు.

"ఫోన్ చెయ్యవే!" అన్నాను. అమ్మమ్మ చేసింది. దాని చంకలో సంచి మోగింది.

పక్క గ్రూపు దగ్గరున్న సార్ పరుగెత్తుకొచ్చారు. "చేతులు దించండి! ఎవరూ ఊపొద్దు! మీరు ఏది ఊపినా వాడు అదే చేస్తాడు!" మేం చేతులు దించేశాం. అప్పటికే మాకూ వాడికీ మధ్య నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. రేడియో దిగబోతే సార్ వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. కొలిచే గొలుసు, టేపు, సంచుల పట్టీలు, అమ్మమ్మ చున్నీ అన్నీ కలిపి ముడేశాం. సగం దూరం కూడా రాలేదు. ముడులు వేయడంలో మాత్రం సార్‌తో కలిపి నలుగురం ఒక్క మాట మీద ఉన్నాం, ఒకరు చెప్పకుండానే ఇంకొకరు అందించాం. ఏం లాభం?

నేను మళ్లీ దుర్భిణికి కన్ను ఆనించాను. వాడి మొహం చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉంది. నీళ్లని చూశాడు, తర్వాత మమ్మల్ని చూశాడు. మా చేతులు వేలాడుతున్నాయి. ఎట్టకేలకు వాడే బండ ఎక్కి, కర్రని ఒక నెర్రెలో దిగ్గొట్టి దాన్ని వాటేసుకున్నాడు. బండ మునిగింది.

సార్ ఫోన్లో గేట్ల మనిషి గొంతు నాకూ వినిపిస్తోంది. "మూసేశాను సార్. వదిలిన నీళ్లని వెనక్కి పిలవలేను కదా! ఎంత వచ్చాయి అక్కడ?"

సార్ నావైపు చూశారు. నీళ్లు తాకుతున్న అంకె చదివి చెప్పాను. కాసేపటికి మళ్లీ చదివాను. అది మోకాలి లెక్క. ఆ తర్వాతది నడుము. అమ్మమ్మ ఏడుస్తూ అన్నీ రాసుకుంటోంది, ఎందుకు రాస్తున్నావే అని అడిగే ఓపిక ఎవరికీ లేదు. జీవితంలో అంత తప్పుల్లేకుండా నేనెప్పుడూ కొలవలేదు. నా స్నేహితుడు మునిగిపోతుంటే నాకు చేతనైంది అదొక్కటే. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఒకసారి వాడి నోరు కదిలింది. ఏదో అడుగుతున్నాడు. మళ్లీ మళ్లీ అదే అడుగుతున్నాడు. రేడియో నా భుజం పట్టుకుని ఊపేస్తూ "ఏమంటున్నాడే, ఏమంటున్నాడు?" అన్నాడు. నాకేం తెలుసు? పెదాలు కనిపిస్తున్నాయి, అంతే.

రొమ్ము దాకా వచ్చి నీళ్లు ఆగాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత వాటంతటవే, మాతో పని లేనట్టు, తీయడం మొదలుపెట్టాయి. మోకాళ్ల లోతుకి రాగానే సార్, రేడియో వెళ్లి వాడిని తీసుకొచ్చారు. కర్రని చేతుల్లోంచి విడిపించడానికి వేళ్లు ఒక్కొక్కటే తెరవాల్సి వచ్చింది.

ఒడ్డున కూలబడ్డాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అమ్మమ్మ తన దగ్గరున్న బట్టలన్నీ కప్పింది. రేడియో వాడి వీపు రుద్దుతూ, "భయం వేయలేదా రా?" అన్నాడు. రేడియో గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

"మొదట్లో వేసింది" అన్నాడు స్తంభం. "ఏం చేయమంటారు అని అడిగాను, మీకు వినపడలేదు. అయినా మీరు చూస్తూనే ఉన్నారుగా. ఏదో ఒకటి చేస్తున్నారులే అనుకున్నాక ధైర్యం వచ్చింది."

మా ముగ్గురిలో ఒక్కరూ వాడి కళ్లలోకి చూడలేదు. సార్ అటు తిరిగి కొలకర్రకి అంటిన బురద తుడవసాగారు.

"ఏం చేశారు ఇంతకీ?" అని అడిగాడు స్తంభం. ఊరికే అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

నేను వంగి వాడి బూట్లు విప్పడం మొదలుపెట్టాను. లేసులు తడిసి బిగుసుకుపోయాయి, ఎంత లాగినా ముడి రావడం లేదు.