నాన్న కడుపులోని దారం

నీళ్ళు కలిసిన పాల రంగులో, వరసగా గాజు ప్లేట్లు.

మూత తీస్తే తడిమట్టి వాసన.

ఆ తెలుపు ప్లాస్టిక్ పొడిది. దాన్ని తినగల బాక్టీరియా పడితే, చుట్టూ తెలుపు కరిగి తేటగా ఒక వలయం ఏర్పడాలి. రెండేళ్ళుగా ల్యాబులో ఆమె ఉద్యోగం ఆ వలయం కోసం ఎదురుచూడటమే. చెత్తకుప్పల మట్టి తెచ్చింది, మురుగు తెచ్చింది. "తినండర్రా," అని రోజూ బతిమాలింది.

అలిగిన అల్లుళ్ళలా, ఒక్కటీ ముట్టలేదు.

ఇంతలో నాన్నకు ఆపరేషన్ అయింది.

నాన్న దర్జీ. కడుపు లోపలి కుట్లు ఆరు నెలలు ఆగి, ఆ తర్వాతే కరగాలి. మూడు వారాలకే వదులైపోయాయి.

"డబుల్ కుట్టు వేయాల్సిందమ్మా," అన్నాడు మంచం మీంచి. "చేతకాకపోతే నన్నడగాల్సింది ఆ డాక్టరు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే, కట్టు మార్చినప్పుడు ఊడివచ్చిన దారం ముక్కను సీసాలో వేసుకుంది.

ఆ దారమూ ప్లాస్టిక్కే. తన ప్లేట్లలో ఉన్న రకమే. ల్యాబుకు తెచ్చి, ఆ ముక్కను ఒక ప్లేటు మధ్యలో పెట్టింది.

నాలుగో రోజు —

వలయం.

కింద పెట్టిన కాగితం మీది అక్షరాలు చదవగలిగేంత తేటగా.

ఎగిరి గంతేసింది. నిజం చెప్పాలంటే, అర నిమిషం పాటు నాన్న గుర్తే రాలేదు. ఆ అర నిమిషానికి ఆమెకు ఇప్పటికీ సిగ్గే.

నోరు లేని జీవి ఆ బాక్టీరియా. ముందు ఎంజైమును బయటికి వదులుతుంది. ఎంజైము ప్లాస్టిక్ గొలుసును తుంచుతుంది... ఒక్కో లంకె, ఓపిగ్గా. ఆ ముక్కలే దానికి తిండి. ఆమె ఊరంతా గాలిస్తుంటే, అది నాన్న కడుపులో కూర్చుని భోంచేస్తోంది.

వలయం ఫోటో తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. డాక్టరు ఫోటోను పెద్దది చేసి చూశాడు.

"మందు మారుస్తాను. దారమూ మారుస్తాను, కొత్తది వేరే రకం. కానీ ఎల్లుండి పొద్దున్నే మళ్ళీ కుట్టెయ్యాలి. అంతకు మించి ఆగలేం."

"దీన్నీ తినేస్తే?"

"అది మీరే చెప్పాలి."

చెప్పడానికి నాలుగు రోజులు కావాలి. ఉన్నవి రెండు.

డాక్టరిచ్చిన కొత్త దారం ముక్కను కరిగించింది. కొత్త ప్లేటులో కలిపింది. నాన్న ఒంటి బాక్టీరియాను మధ్యలో చుక్కగా పెట్టింది.

"ఏమంటున్నాయే నీ పిల్లలు?" ఫోనులో నాన్న.

"ఇంకా ఏమీ అనలేదు నాన్నా."

రెండో రోజు సాయంత్రం ప్లేటును వెలుతురుకు ఎత్తింది.

"వద్దు," అంది బాక్టీరియాతో. "ముట్టుకోకండి."

తెలుపు. అంచు నుంచి అంచుదాకా, నీళ్ళు కలిసిన పాల తెలుపు.

వలయం వచ్చిన ఆ ప్లేటూ రెండో రోజున ఇలాగే ఉండింది.